ఇంట్లో బడి గంట తీసేశాక

మా పాపను నాలుగో తరగతిలో బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. మొదటి రెండు నెలలు తొమ్మిది నుంచి నాలుగు దాకా టైంటేబుల్ పెట్టాను. రోజూ ఏడుపే, ఇద్దరికీ. భిన్నాల దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

ఒకరోజు పుస్తకం మూసేసి పెనం దగ్గరికి తీసుకెళ్లాను. అట్టును సగం చేసింది, ఆ సగాన్ని మళ్లీ సగం. "అమ్మా, రెండు పావులు కలిస్తే అర అన్నమాట!" అంది నూనె చేతులతోనే. అప్పటి నుంచి పొద్దున రెండు గంటలే పాఠం. మిగతాది వంట, మొక్కలు, కథల పుస్తకాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు గంటలు తగ్గించి చూడండి, పిల్లలు తేరుకుంటారు.

"మరి పదో తరగతి?" అని అత్తయ్యగారి బెంగ. నాకూ అదే టెన్షన్. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు అయిన ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పది రాయొచ్చు, తెలుగు మీడియంలో కూడా. 5 ఏళ్లలో 9 అవకాశాలుంటాయి, సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. అది చదివి వినిపించాక, సాయంత్రం ఎక్కాలు ఆవిడే చెప్పిస్తున్నారు.