బోరు డబ్బాలో బోర్డును సర్వర్ గుర్తుపట్టట్లేదా? చిప్ వేలిముద్ర సమస్యలు - పరిష్కారాలు

నల్గొండ, దేవరకొండ వైపు బోరు స్టార్టర్ డబ్బాలో మొబైల్ కంట్రోల్ బోర్డు పెట్టి, దాన్ని చిప్ వేలిముద్రతో గుర్తించాలనుకునేవాళ్లకు ఇది.

కరెంటు అందిన క్షణంలో ఎస్‌రామ్ (చిప్‌లోని, కరెంటు పోతే చెరిగే మెమరీ) లోని ఒక్కో సెల్ (ఒక బిట్ దాచే చోటు) 0గానో 1గానో నిలబడుతుంది. సెల్‌లోని రెండు ఇన్వర్టర్ల (0ని 1గా, 1ని 0గా తిప్పే చిన్న సర్క్యూట్లు, ఇంట్లో పెట్టుకునే ఇన్వర్టర్ కాదు) మధ్య తయారీలో వచ్చిన రవ్వంత తేడాయే అది ఎటు వాలాలో తేలుస్తుంది. ఇలా వచ్చిన 0, 1ల వరుసే చిప్ వేలిముద్ర. దీన్ని ముందే సర్వర్‌లో నమోదు చేస్తారు, ఆ తర్వాత బోర్డును దాంతోనే గుర్తుపడతారు. ఆ తేడాలను ఇంకో చిప్‌లో దించడం తయారుచేసినవాళ్ల వల్ల కూడా కాదు. గుర్తింపు ఫెయిలైతే చాలామంది చిప్ పోయిందనుకుంటారు. నేనైతే ముందు కరెంటునే అనుమానిస్తాను.

అన్ని బోర్డులూ ఒకే వేలిముద్ర చూపిస్తున్నాయి, ఎక్కువగా సున్నాలే

మీరు చదివేలోపే స్టార్టప్ కోడ్ (చిప్ ఆన్ కాగానే ముందు నడిచేది) మెమరీని తుడిచేసింది. సీ ప్రోగ్రామ్‌లో మెయిన్ మొదలయ్యేలోపే విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుల్స్ సున్నా అవుతాయి. వేలిముద్రకు వాడే భాగాన్ని నోఇనిట్ సెక్షన్‌లో (స్టార్టప్ కోడ్ ముట్టుకోని భాగం) పెట్టండి. మెమరీ చివరి భాగం స్టాక్‌కు (ప్రోగ్రామ్ తాత్కాలికంగా వాడుకునే చోటు) పోతుంది, దాని జోలికి వెళ్లొద్దు. సరిగ్గా చదివితే రెండు వేర్వేరు బోర్డుల మధ్య దాదాపు సగం బిట్లు తేడా రావాలి.

కరెంటు ఇట్లా పోయి అట్లా వచ్చింది, గుర్తింపు ఫెయిల్

మన దగ్గర ఎక్కువగా చూసుకోవాల్సింది ఇదే. సెకను పాటు కరెంటు పోతే బోర్డు మీది కెపాసిటర్ పూర్తిగా ఖాళీ కాదు. మెమరీలో పాత డేటా అట్లాగే ఉంటుంది, బోర్డు దాన్నే వేలిముద్ర అనుకుని చదువుతుంది. చలికాలం తెల్లవారుజామున ఆ డేటా ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. రీసెట్ బటన్ నొక్కినా మెమరీ చెరగదు.

మల్టీమీటర్ పెట్టి, కరెంటు తీశాక చిప్ సప్లై సున్నా దాకా దిగుతుందో లేదో చూడండి. టేబుల్ మీద పరీక్షిస్తుంటే యూఎస్‌బీ సీరియల్ వైరు కూడా పీకేయండి. దాని టీఎక్స్ (డేటా పంపే) పిన్ నుంచి చిప్ లోపలి డయోడ్ల గుండా కరెంటు దొంగతనంగా ఎక్కుతూనే ఉంటుంది. ఆఫ్ చేశామన్నది మన భ్రమే.

పరిష్కారం: కెపాసిటర్‌కు అడ్డంగా ఒక రెసిస్టర్. 470 మైక్రోఫారడ్‌కు 1 కిలో ఓమ్ పెడితే 5 వోల్టులు 0.1కి దిగడానికి 2 సెకన్లలోపే పడుతుంది. అందుకు ఎప్పుడూ 5 మిల్లీయాంప్స్ ఖర్చవుతుంది, మోటారు దగ్గర అదొక లెక్క కాదు. దీంతోపాటు పని నడిచేటప్పుడు మెమరీలో ఒక చోట తెలిసిన గుర్తు రాసి ఉంచండి. ఆన్ అయ్యాక ఆ గుర్తు ఇంకా కనిపిస్తే మెమరీ ఖాళీ కాలేదన్నట్టే. అప్పుడు వేలిముద్ర చదవకుండా సప్లై ఒకసారి పూర్తిగా తీసి వేయించాలి.

పొద్దున పనిచేసింది, మే నెల మధ్యాహ్నం ఫెయిల్

రెండు ఇన్వర్టర్లూ దాదాపు సమానంగా ఉన్న సెల్స్ వేడికి అటూ ఇటూ మారిపోతాయి. ఎండలో ఇనుప డబ్బా లోపలి వేడి బయటికన్నా చాలా ఎక్కువ. చల్లని గదిలో ఒక్కసారి నమోదు చేసి పంపేస్తే వేసవిలో టెన్షన్ తప్పదు. డబ్బా వేడెక్కినప్పుడూ చదవండి, తెల్లవారుజామునా చదవండి, రెండుసార్లూ మారని సెల్స్‌నే ఎంచుకోండి.

అయినా కొన్ని తప్పులు వస్తూనే ఉంటాయి. 10 శాతం బిట్లు మారతాయనుకోండి. వేలిముద్ర నుంచి తీసే కీ (రహస్య సంఖ్య) లోని ఒక్కో బిట్‌కు 7 సెల్స్ కేటాయించి, ఎక్కువ సెల్స్ చెప్పిన విలువనే తీసుకుంటే 128 బిట్ల కీ దాదాపు పదికి మూడుసార్లు తప్పుతుంది. 15 సెల్స్ పెడితే వెయ్యికి నాలుగైదుసార్లే. మెమరీ 240 బైట్లే కావాలి, 2 కేబీ ఎస్‌రామ్ ఉన్న చిన్న చిప్‌లోనూ సరిపోతుంది.

నెలలు గడిచేకొద్దీ తప్పులు పెరుగుతున్నాయి

వేలిముద్ర విలువలనే మెమరీలో ఎప్పుడూ ఉంచేస్తే ఆ వైపు ట్రాన్సిస్టర్లు అలిసి బలహీనపడతాయి. చదవగానే ఆ భాగంలో తలకిందుల విలువలు (0 ఉంటే 1, 1 ఉంటే 0) రాసేయండి.

రిపేరు చేయించాక సర్వర్ అస్సలు ఒప్పుకోవట్లేదు

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో బోర్డు బాగుచేయిస్తే చిప్ మార్చారా అని అడగండి. మార్చి ఉంటే సర్వర్ చేస్తున్నది సరైన పనే. పాత నమోదు తీసేసి కొత్త చిప్‌తో మళ్లీ చేయాలి. మార్చలేదంటే పైన చెప్పిన మల్టీమీటర్ పరీక్షతో మొదలుపెట్టండి.