ప్రణాళిక రాసుకున్నా పని మీద దృష్టి నిలవకపోతే: లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

ప్రాజెక్టు మధ్యలో దృష్టి చెదిరిపోతోందని చెప్పేవారు మొదట ఫోనును తప్పుపడతారు, ఆ తరువాత తమ బద్ధకాన్ని తిట్టుకుంటారు, చివరికి ఏదో కొత్త యాప్‌లోకి మారి అక్కడ అంతా మళ్లీ మొదటి నుంచి రాసుకుంటారు. ఇంత శ్రమ పడేవారు కూడా తాము ముందే రాసుకున్న ప్రణాళికను తెరిచి, ఒక్కసారి పంక్తి పంక్తిగా చదవరు. కాబట్టి ఏ లక్షణం జోలికైనా వెళ్లే ముందు ఈ తనిఖీ చేయండి: మీరు పనికి కూర్చున్నప్పుడు ఆ ప్రణాళిక మీ కళ్లెదుట ఉంటోందా, దాన్ని చివరిసారి ఎప్పుడు చదివారు? అది ఏ ఫోల్డరులో ఉందో వెతకవలసి వచ్చినా, ప్రాజెక్టు మొదలైన వారం తరువాత దాన్ని మళ్లీ తెరవలేదని తేలినా, మీ సమస్యకు కారణం అదే. దాన్ని ముద్రించి బల్ల మీద పెట్టుకోండి, లేదా కంప్యూటరు తెరవగానే ముందుగా కనిపించే చోట ఉంచండి. వారం రోజులు అలా పని చేసిన తరువాత కూడా ఇబ్బంది మిగిలి ఉంటేనే కింది భాగం చదవండి.

ఇంత చిన్న విషయాన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను 2001లో సమీక్షించి, మన మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి సుమారు 4 అంశాలేనని తేల్చాడు. ఓ మోస్తరు ప్రాజెక్టులో కూడా అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ అంశాలుంటాయి. ప్రణాళిక ఎదురుగా లేనప్పుడు తరువాత ఏమి చేయాలి, ఏది మిగిలింది అన్న లెక్క మనసులోనే నడుస్తుంది, ఆ లెక్క ఆక్రమించినంత మేరా చేస్తున్న పనికి చోటు తగ్గిపోతుంది. అంతా తమకు గుర్తుందని నమ్మేవారి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

విభాగాలు, ఉపవిభాగాలు, గడువు తేదీలతో ప్రణాళిక రాయడం మీకు వచ్చుననే భావించి ముందుకు వెళ్తున్నాను.

లక్షణం: పనికి కూర్చున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తేలకుండానే చాలాసేపు గడిచిపోతుంది

కారణం ఈ రోజుది కాదు, నిన్నటిది. నిన్న పని ఆపినప్పుడు ఎక్కడ ఆపారో, తరువాత ఏమి చేయాలనుకున్నారో రాయకుండా లేచి వెళ్లారు. అందువల్ల ఈ రోజు పాత ఆలోచనను తవ్వి తీయవలసి వస్తోంది. ఒక పనిని సగంలో వదిలి మరో పనిలోకి వెళ్లినప్పుడు మన ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో చూపించారు. పని వదిలే ముందు ఎక్కడ ఉన్నామో, తిరిగి వచ్చాక ఏమి చేయాలో క్లుప్తంగా రాసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుందని ఆమె థెరీసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది.

పరిష్కారం కూడా అదే. పని ముగించే ముందు కొన్ని నిమిషాలు కేటాయించి, ప్రణాళికలో ఆ విభాగం కిందనే ఆగిన చోటును ఒక వాక్యంలోను, తిరిగి కూర్చోగానే చేయవలసిన మొదటి పనిని మరో వాక్యంలోను రాయండి. వేరే పుస్తకంలో రాస్తే అది ప్రణాళికకు దూరమై, త్వరలోనే దాన్ని కూడా తెరవడం మానేస్తారు.

లక్షణం: ఎప్పుడూ ఒకే చోటికి రాగానే దృష్టి జారిపోతుంది

దీని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన ఆగిపోయిన ప్రాజెక్టులలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగాయి, పైగా ఈ కారణం పైకి కనిపించదు. ప్రణాళిక ఉంటుంది, చక్కగా ఉంటుంది, రోజూ ఎదురుగానే ఉంటుంది. కొన్ని భాగాలు సాఫీగా సాగుతాయి. ఒక పంక్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉత్తరాలు చూసుకోవాలనిపిస్తుంది, ఫైళ్లు సర్దాలనిపిస్తుంది, ఇంకేదో అత్యవసరమైనది గుర్తుకొస్తుంది. మరునాడు మళ్లీ అదే పంక్తి, మళ్లీ అదే తంతు. మనిషి దాన్ని తన బలహీనతగా అర్థం చేసుకుని మరింత పట్టుదలగా కూర్చుంటాడు, కానీ ఎంత పట్టుదలగా కూర్చున్నా ఆ పంక్తి కదలదు.

కారణం ఏమిటంటే, ఆ పంక్తి పనిలా కనిపిస్తున్న ఒక తేలని నిర్ణయం. ప్రణాళిక రాసేటప్పుడు మనం చాలా పంక్తులను కేవలం పేర్లుగా రాస్తాం. ఒక శిక్షణ కరదీపిక తయారుచేసే ప్రాజెక్టునే తీసుకోండి. అందులో పరిచయం, భద్రతా నియమాలు, చిత్రాలు, అభ్యాసాలు అని నాలుగు పంక్తులు ఉన్నాయనుకుందాం. వీటిలో భద్రతా నియమాలు ఇబ్బంది పెట్టవు, ఎందుకంటే నియమాలు ముందే ఉన్నాయి, వాటిని తేలిక మాటల్లోకి మార్చడమే మిగిలింది. చిత్రాలు అన్న పంక్తి మాత్రం వేరు. ఫోటోలు తీయాలా, రేఖాచిత్రాలు గీయించాలా? ఎన్ని కావాలి? ఎవరు చేస్తారు? పాఠం పూర్తయ్యాక వాటిని తయారుచేయాలా, లేక చిత్రాలను బట్టి పాఠం రాయాలా? ఇవేవీ తేలలేదు. ఆ పంక్తి ముందు కూర్చున్న మనిషికి చేయడానికి పని ఏదీ లేదు, తేల్చవలసిన ప్రశ్నలు మాత్రమే ఉన్నాయి. అయితే తాను పని చేయడానికి కూర్చున్నానని అతను అనుకుంటున్నాడు కనుక, ఆ ప్రశ్నలు ప్రశ్నలుగా కాక కేవలం ఒక చిరాకుగా అతనికి తెలుస్తాయి. దృష్టి జారిపోయేది ఆ క్షణంలోనే.

తేలని విషయం కేవలం ఆ పంక్తి దగ్గరే ఆగదు, పక్క పంక్తుల మీద పని చేస్తున్నప్పుడు కూడా వెంటాడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు మాసికాంపో, బామైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాలలో, నెరవేరని లక్ష్యం మనసులో మెదులుతున్నవారికి వేరే ఏదైనా చదువుతున్నప్పుడు కూడా దాని ఆలోచనలు అడ్డం వచ్చాయి. ఆ లక్ష్యానికి నిర్దిష్టమైన ప్రణాళిక రాసుకున్నవారికి, లక్ష్యం ఇంకా నెరవేరకపోయినా, ఆ బెడద తొలగింది. ఇందులో ముఖ్యమైన మాట నిర్దిష్టం అన్నది. పేరు మాత్రమే రాసి ఉన్న పంక్తి చూడడానికి ప్రణాళికలా ఉంటుంది కానీ, మనసును కుదుటపరిచే పని చేయదు.

దీన్ని పట్టుకోవడానికి పరీక్ష సులభమే. ప్రణాళికలోని ప్రతి పంక్తినీ చదువుతూ ఇలా ప్రశ్నించుకోండి: ఈ రంగం తెలిసిన మరో వ్యక్తికి ఈ పంక్తిని ఇచ్చి పంపితే, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కూర్చుని మొదలుపెట్టగలడా? అడుగుతాడనిపిస్తే, ఏమి అడుగుతాడో ఆ ప్రశ్నను అక్కడే రాయండి. మీకు అంతా తెలుసు కదా అని ఈ పరీక్షను దాటవేయకండి. మీకు తెలుసని మీరు భావించే చోటే ఈ ప్రశ్నలు దాగి ఉంటాయి.

ప్రశ్నలు బయటపడ్డాక పంక్తిని తిరిగి రాయాలి. నిర్ణయాన్ని పని నుంచి విడదీసి, దానికంటూ ఒక పంక్తిని, ఒక తేదీని ఇవ్వండి. పై ఉదాహరణలో చిత్రాలు అన్న ఒక్క మాట స్థానంలో మొదటి పంక్తి ఇలా ఉండాలి: ఫోటోలా, రేఖాచిత్రాలా అన్నది సోమవారం లోపల నిర్ణయించాలి. రెండవది: ఏ పాఠానికి ఏ చిత్రం కావాలో జాబితా రాయాలి, జాబితాలో ప్రతి పాఠం ఎదుట చిత్రం వివరమో, చిత్రం అవసరం లేదన్న మాటో ఉంటే ఇది పూర్తయినట్టు. మూడవది: జాబితాను చిత్రకారుడికో, ఫోటోలు తీసే వ్యక్తికో అందజేయాలి. ప్రతి పంక్తి చివరా ఒక క్రియ ఉందని, ఎప్పుడు పూర్తయిందో గుర్తుపట్టే ఆనవాలు ఉందని గమనించండి. నిర్ణయించడం కూడా ఒక పనే, దానికి సమయం కేటాయించి కూర్చోవాలి. ఇతర పనుల సందుల్లో అది దానంతట అదే తేలుతుందని ఆశించడం వల్లనే నెలలు గడిచిపోతాయి.

కొన్ని నిర్ణయాలు మన చేతిలో ఉండవు. పై అధికారి చెప్పాలి, లేదా మరొకరి దగ్గరనుంచి సమాచారం రావాలి. అప్పుడు ఎదురుచూస్తున్నాం అని మాత్రమే రాసి వదిలేయకండి. ఎవరిని ఏమి అడిగారో, సమాధానం ఎప్పటిలోగా కావాలో, రాకపోతే ఏమి చేస్తారో కూడా రాయండి: బుధవారం నాటికి జవాబు రాకపోతే రేఖాచిత్రాలతోనే మొదటి పాఠం సిద్ధం చేస్తాను, అన్న రీతిలో. ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తాను అని ముందే నిశ్చయించుకోవడం వల్ల అనుకున్న పని ఆచరణలోకి రావడం గణనీయంగా పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్సర్ 1999లో అప్పటి పరిశోధనలను సమీకరిస్తూ వివరించాడు. ఎదురుచూపులో ఉన్న పంక్తుల విషయంలో ఈ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతిరోజూ ఏమి చేయాలా అని మళ్లీ ఆలోచించే అవసరం తప్పుతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పుడు మరమ్మతు ఒకటుంది. పంక్తి కదలకపోవడం చూసి, పెద్దదిగా ఉంది కాబోలనుకుని దాన్ని ముక్కలు చేస్తారు: మొదటి పాఠం చిత్రాలు, రెండవ పాఠం చిత్రాలు, మూడవ పాఠం చిత్రాలు. ఇప్పుడు తేలని ప్రశ్న ఒక చోట కాక మూడు చోట్ల ఉంది. చిన్న చిన్న ముక్కలు చేయమన్న సలహా మంచిదే, కానీ నిర్ణయం తేలాకే అది పని చేస్తుంది.

లక్షణం: రోజూ పని జరుగుతూనే ఉన్నా ప్రాజెక్టు పూర్తికి దగ్గరపడదు

ప్రణాళిక మొదట్లో ఏమి చేయాలో రాశారు, ఏమి చేయనవసరం లేదో రాయలేదు. మధ్యలో తట్టిన ప్రతి మంచి ఆలోచనా ప్రాజెక్టులో చేరిపోతోంది. ఇవి నిజంగా మంచి ఆలోచనలే కాబట్టి, వీటి వెంట వెళ్లడం దృష్టి చెదరడంగా ఎవరికీ అనిపించదు. ప్రణాళిక పైభాగంలో పూర్తయిన వస్తువు ఎలా ఉంటుందో ఒక వాక్యంలో రాసి, దాని కిందనే ఈ ప్రాజెక్టులో లేనివి అన్న శీర్షికతో కొన్ని పంక్తులు రాయండి. కొత్త ఆలోచన వచ్చినప్పుడు దాన్ని చివరి పేజీలో రాసుకుని పనికి తిరిగి రండి, వారానికొకసారి ఆ పేజీ చదివి వాటిలో ఏది లోపలికి రావాలో తేల్చండి. ఒకటి లోపలికి తీసుకుంటే తేదీనైనా జరపాలి, మరొక అంశాన్నైనా తీసేయాలి. ఈ రెండింటిలో ఏదీ చేయకుండా చేర్చడానికి వీల్లేదు.

లక్షణం: ప్రణాళికకు మెరుగులు దిద్దడంలోనే కాలం గడుస్తుంది

మొత్తం ప్రాజెక్టును ఒకే స్థాయి వివరంతో రాయడానికి ప్రయత్నిస్తున్నారు. ఆరు నెలల తరువాతి భాగం గురించి ఇప్పుడు వివరాలు రాస్తే అవి ఎలాగూ మారిపోతాయి. రానున్న రెండు మూడు వారాల పనిని పైన చెప్పినంత నిర్దిష్టంగా రాసి, మిగిలినదాన్ని శీర్షికలకే పరిమితం చేసి, పని మొదలుపెట్టండి. దగ్గరపడిన కొద్దీ ఆ శీర్షికలను విడమరచి రాసుకోవచ్చు.

లక్షణం: తేదీలు రెండు మూడు సార్లు దాటిపోయాక ప్రణాళికను తెరవాలనిపించదు

తేదీలు వేసిన తీరులోనే లోపం ఉంది. అంతా సవ్యంగా జరిగితే ఎన్ని రోజులు పడుతుందో ఊహించి తేదీ వేస్తాం, గతంలో ఇలాంటి పనికి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో చూడం. మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, డిగ్రీ పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున సుమారు 34 రోజులలో పూర్తి చేయగలమని అంచనా వేశారు, వాస్తవంలో సగటున 55 రోజులకు పైగా పట్టింది. కాబట్టి వెనకటి ప్రాజెక్టులోని ఒక విభాగానికి పట్టిన రోజులను వెతికి చూసి, వాటి ఆధారంగా మిగిలిన తేదీలన్నీ ఒకేసారి మార్చి రాయండి. దాటిపోయిన తేదీలను అలాగే ఉంచి పక్కన కొత్తవి గీకితే, తెరిచిన ప్రతిసారీ ముందు వైఫల్యమే కనిపిస్తుంది, దానితో ప్రణాళికను దూరం పెట్టడం మొదలవుతుంది. అప్పుడు మళ్లీ మొదటి తనిఖీ దగ్గరికే రావలసి ఉంటుంది.

అరుదైన కారణాలు

యాప్ సరిగ్గా లేకపోవడం, కాగితమా కంప్యూటరా అన్న ఎంపిక, రంగుల గుర్తులు, అంకెల క్రమం, ఇవి నిజమైన కారణాలయ్యే సందర్భాలు చాలా తక్కువ. పైవన్నీ సరిచూశాక మాత్రమే వాటి సంగతి చూడండి. ఏ పని మీదా, ఇష్టమైన వాటి మీద కూడా, వారాల తరబడి దృష్టి నిలవకపోతే అది ప్రణాళికకు సంబంధించిన విషయం కాదు. నిద్ర ఎలా ఉందో చూసుకుని, వైద్యుని సంప్రదించండి.

ఒకే పంక్తిని పైన చెప్పిన విధంగా రెండుసార్లు తిరిగి రాసినా కదలకపోతే, ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన పరిజ్ఞానమో, అధికారమో మీ దగ్గర లేదని అర్థం. మూడోసారి రాయకండి. ఆ పంక్తి కింద రాసుకున్న ప్రశ్నలను తీసుకుని, వాటికి జవాబు చెప్పగలిగిన వ్యక్తి దగ్గరికి వెళ్లి అడగండి.