థ్యాంక్స్‌గివింగ్ గుమ్మానికి మొక్కజొన్న కుచ్చు

అమెరికాలో ఉన్నవాళ్లు ఈసారి నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకి ప్లాస్టిక్ ఆకుల దండలు కొనకండి. రంగురంగుల మొక్కజొన్న పొత్తులు మూడు తెచ్చుకోండి, చాలు. ఈ పండగకి మొదలుగా చెప్పుకునే విందులో, 1621లో అమెరికాలోని ప్లిమత్‌లో ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలు కలిసి భోంచేసిన నాటికి అక్కడ పండిన మొక్కజొన్న ఇలాంటి గట్టి గింజల రకమే. ఎరుపు, నీలం, పసుపు గింజలు ఒకే పొత్తులో కలిసి ఉంటాయి. షాపుల్లో ఇండియన్ కార్న్ అని అడగండి.

పొత్తు మీది రేకులు బాగా ఎండి ఉంటాయి. అలాగే వెనక్కి వంచితే పటుక్కున విరిగిపోతాయి. గోరువెచ్చని నీళ్లు చల్లి, తడిబట్టలో కాసేపు చుట్టి ఉంచితే మెత్తబడతాయి. అప్పుడు వెనక్కి మడిచి, మూడింటినీ కలిపి జనపనార తాడుతో బిగించి కట్టండి. మన ఊళ్లో వసారాలో వేలాడే వరికంకుల కుచ్చు గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది! బయట కడితే మాత్రం ఉడతలు ఒక్క గింజ మిగల్చవు, తలుపుకి లోపలివైపే కట్టుకోండి.

బల్ల మీదకి బటర్‌నట్ గుమ్మడికాయ బాగుంటుంది. కోయకుండా పెడితే వారాల తరబడి నిలవుంటుంది, పండగయ్యాక దప్పళంలో వేసుకోవచ్చు. అలంకరణ కోసమే అమ్మే చిన్న గోర్డ్‌లు (గుమ్మడి జాతి కాయలు) మాత్రం వండొద్దు, చేదుగా ఉంటాయి, కడుపు పాడవుతుంది. ఎండు రేకుల దగ్గర కొవ్వొత్తి అసలు వెలిగించకండి.