గాలం వేసే ముందు: హైదరాబాద్ చెరువుల దగ్గర జాగ్రత్తలు

గాలం వేట వీడియోల్లో కనిపించే బాస్ (bass) అనేది ఉత్తర అమెరికా చేప. మన దగ్గర దానిలాగే మాటు వేసి ఎర మీదికి దూకేది కొర్రమీను, మన తెలంగాణ రాష్ట్ర చేప. కప్ప బొమ్మ ఎర దానికి బాగా పనిచేస్తుంది.

• ముందు అనుమతి. చాలా చెరువుల్లో చేపల హక్కు స్థానిక మత్స్యకారుల సంఘానిదే. అది వాళ్ల బతుకుదెరువు, అడగకుండా గాలం రాడ్ విప్పొద్దు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. గేట్లు ఎత్తినప్పుడు కింద మూసీ ఒడ్డున అసలు నిలబడకండి.

• కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. విసిరే ముందు తలెత్తి తీగలున్నాయేమో చూడండి. ఉరిమితే వెంటనే సర్దేయండి.

• గాలం ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న పన్ను లాంటిది ఉంటుంది. దాన్ని పటకారుతో నొక్కేయండి. వేలికి దిగినా సులువుగా వస్తుంది, చేప నోరూ చీలదు. విసిరేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకోవాలి.

• వానాకాలంలో నీటిపైన ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు మెదులుతుంటే అక్కడ గాలం వద్దు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టేస్తే ఆ గుంపంతా మిగతా చేపలకు మేతే.

• మురుగు కలిసే చెరువు చేపను తినొద్దు, వదిలేయండి.

• ఒంటరిగా వెళ్లొద్దు. గట్టు మీద గడ్డిలో పాములుంటాయి, బూట్లు వేసుకోండి.

• తెగిన దారం ముక్క కూడా జేబులోనే ఇంటికి తెచ్చుకోండి. కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.