ఊళ్లో మందుల మీటింగ్ ఎలా పెట్టాలి

ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. ఇంట్లో ఉన్న మాత్రలు, చూర్ణాలు, పసరు సీసాలు అన్నీ ఒక కవర్లో వేసుకుని రమ్మని ముందురోజే ఆశా కార్యకర్తతో చెప్పించండి. వాటిని చాప మీద పరిస్తే సగం విషయం అక్కడే తేలిపోతుంది. కనిగిరి దగ్గర ఒక పెద్దమ్మ కొంగుముడి విప్పి నాలుగు తెల్ల మాత్రలు చూపించింది, మోకాళ్ల నొప్పులకని రోజూ వేసుకుంటోందట, షీటు ముక్క మీద పేరు కూడా లేదు. నొప్పి మాత్రలు ఇలా నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయని అప్పుడు చెప్పండి, బాగా ఎక్కుతుంది.

ఆకుమందు వాడేవాళ్లని తిట్టొద్దు, తిడితే రెండోసారి నోరు విప్పరు. ఏ చెట్టు, ఆకా వేరా, ఎంత, ఎన్ని రోజులు, దాంతోపాటు ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఇవన్నీ రాసుకోండి. ఆఖరి ప్రశ్న అస్సలు మర్చిపోవద్దు, ఎందుకంటే షుగర్ మాత్రలకు తోడు కాకర రసం తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు.

ఒకే పేరుతో ఊరికో మొక్క ఉంటుంది. అందుకే వేరు నుంచి పువ్వు దాకా ఒక మొక్క తెచ్చి, పాత పేపర్ల మధ్య బరువు కింద పెట్టి, రోజూ పేపర్లు మారుస్తూ ఆరబెట్టండి. ఊరు, తేదీ రాసి కాలేజీ బోటనీ లెక్చరర్‌కి చూపించండి.

2021లో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం ఆకుమందు గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి. పంపిణీకి ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు కూడా కంటి చుక్కలకు అనుమతి ఇవ్వలేదని చెప్పండి.

మాత్ర పడక దద్దుర్లో వాంతులో వస్తే డాక్టర్‌కి చూపించి, మందులు పడకపోతే ఫిర్యాదు నమోదు చేసుకునే 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబర్‌కి కూడా చెప్పొచ్చు. ఆ నంబర్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.