మార్కెట్ డల్‌గా ఉన్నప్పుడు ఇల్లు అమ్ముతున్నారా, బోర్డు పెట్టే ముందు ఇవి చూస్కోండి

మార్కెట్ డల్‌గా ఉన్నప్పుడు అసలు చిక్కేంటంటే కొనేవాళ్ళకి తొందరుండదు. ఊపు మీదున్న మార్కెట్లో గోడ మీద చెమ్మ మరక కనపడినా పర్లేదులే మనమే బాగుచేయించుకుందాం అని అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఇప్పుడు అదే మరక చూసి ఇంకో నాలుగిళ్ళు చూసి చెప్తామండీ అని వెళ్తారు, మళ్ళీ ఫోన్ ఎత్తరు. పైగా ఇల్లు కొత్తగా అమ్మకానికి వచ్చిన మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువమంది చూస్తారు, ఆ తర్వాత అదే ఇల్లు నెలల తరబడి కనిపిస్తూ ఉంటే ఇందులో ఏదో తేడా ఉంది అందుకే పోవట్లేదు అనుకుంటారు. కాబట్టి ఎవరైనా వచ్చాక రిపేర్ల సంగతి చూద్దాం అని మాత్రం దయచేసి అనుకోకండి.

అన్నిటికంటే ముందు నీళ్ళు. చాలామంది లీకేజీ అలాగే ఉంచేసి ఇల్లంతా పెయింట్ వేయించేస్తారు. చెమ్మ ఉన్న గోడ మీద పెయింట్ నిలవదు, లోపలి తడి బయటికొచ్చేటప్పుడు గోడలో ఉన్న ఉప్పుని కూడా లాక్కొస్తుంది, తెల్లగా పొడిలా పొంగి పెయింట్ బుడగలు కట్టి పెచ్చులుగా ఊడిపోతుంది. ఇల్లు అమ్ముడవ్వడానికి నెలలు పట్టే టైంలో అది చూడ్డానికొచ్చినవాళ్ళ కళ్ళముందే ఊడుతుంది, అప్పుడిక మీరు బాగున్నాయని చెప్పే మిగతా గోడల్ని కూడా ఎవరూ నమ్మరు. చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీకపోతే ఒక చిన్న పని చేయండి, గోడ మీద తడిగా ఉన్న చోట పైపైన తుడిచి ఆరనిచ్చి అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేప్ వేసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్‌కి గది వైపు తడి కనిపిస్తే అది గదిలో గాలికున్న తేమ, కిటికీ తీసి ఉంచడమో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడమో సరిపోవచ్చు. ఫాయిల్ తీసి చూస్తే గోడకి ఆనుకున్న వైపు తడిగా ఉందా, అప్పుడు పైపో స్లాబో బయటి గోడో కారుతున్నట్టు, ముందు అది ఆపించాలి, గోడ పూర్తిగా ఆరాకే పెయింటు.

దీంతోపాటు రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి నీళ్ళ మీటర్ రీడింగ్ రాసుకోండి, పొద్దున్నే ఎవరూ నీళ్ళు వాడకముందు మళ్ళీ చూడండి, రీడింగ్ మారిందంటే ఎక్కడో కారుతుండొచ్చు. ఫ్లష్ ట్యాంక్ మీద అనుమానం ఉంటే ట్యాంక్‌లో కొంచెం ఫుడ్ కలర్ వేసి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉండండి, రంగు కమోడ్‌లోకి దిగితే ట్యాంక్‌లో వాషర్ పోయినట్టే, చాలా చవకలో అయిపోయే రిపేరు. పాత ఇల్లయితే పాత పెయింట్‌ని పొడిగా గీకించొద్దు, అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం.

ఇంక ఖర్చు. రేటు పెరుగుతుందని కిచెన్ మొత్తం పీకి కొత్తది కట్టించకండి, ఇలాంటి మార్కెట్లో ఆ డబ్బు పూర్తిగా వెనక్కి రావడం కష్టం, పైగా మీకు నచ్చిన టైల్స్ కొనేవాళ్ళకి నచ్చకపోవచ్చు. పట్టేసే తలుపు, వదులైన స్విచ్, వెలగని బల్బు, జిడ్డు పట్టిన ఫ్యాన్లు... ఇవి ముందు. వాసన కూడా, మనకి అలవాటైపోయి తెలీదు కాబట్టి బయటివాళ్ళనెవర్నైనా పిలిచి అడగండి, రూమ్ ఫ్రెషనర్ కొట్టి కప్పేయొద్దు, దేన్నో దాస్తున్నారని అనుమానం వస్తుంది. పెద్ద లోపం ఏదైనా ఉంటే మీరే చెప్పేయండి, చాలా దేశాల్లో తెలిసిన లోపం దాచి అమ్మితే తర్వాత కోర్టు దాకా వెళ్తుంది.

రేటు విషయంలో మనసు మాట వినకండి అని గట్టిగా చెప్తాను. 1990ల్లో అమెరికాలో బోస్టన్ డౌన్‌టౌన్ ఫ్లాట్ల మీద డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఎకనామిస్టులు చేసిన స్టడీ 2001లో వచ్చింది, కొన్న రేటు కంటే తక్కువకి అమ్మాల్సి వచ్చిన ఓనర్లు మిగతావాళ్ళకంటే ఎక్కువ రేటు అడిగారు, కొంత ఎక్కువ వచ్చింది కూడా, కానీ ఇళ్ళు అమ్ముడవ్వడం బాగా లేటయింది. ఆ లేటుకి ఖరీదుంటుంది కదా, లోన్ వడ్డీ, మెయింటెనెన్స్, పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి నెలకి ఇంటి విలువలో 1 శాతం పోతుందనుకుంటే, 5 శాతం ఎక్కువ కోసం 6 నెలలు ఆగితే నష్టమే. మీరు కొన్న రేటుతో కొనేవాళ్ళకి సంబంధం లేదు. మీ ఏరియాలో ఈమధ్య నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి, అడుగుతున్న రేట్లు కాదు.

ఇల్లు ఖాళీ చేసి అమ్ముతుంటే ఇంకా జాగ్రత్త కావాలి. బాత్రూమ్ ట్రాప్‌లో, అంటే నీళ్ళు పోయే కన్నం కింద ఉండే వంపులో, నిలిచే నీళ్ళే డ్రైనేజీ వాసనని ఆపేది, వాడకం లేకపోతే అవి ఆరిపోయి ఇల్లంతా కంపు, వారానికోసారి వెళ్ళి కుళాయిలన్నీ కాసేపు వదిలి ప్రతి ట్రాప్‌లో నీళ్ళు పోయండి, పైపుల్లో నిలవ నీళ్ళలో బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి, ఇల్లు 30 లేదా 60 రోజులకి మించి ఖాళీగా ఉంటే కవరేజీ తగ్గిపోతుందని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది, ముందే కంపెనీకి చెప్పి రాతపూర్వకంగా తీసుకోండి.

కాగితాలు ఇప్పుడే ఒక చోట పెట్టండి. ఆస్తి నలుగురి పేరు మీద ఉంటే నలుగురూ సంతకానికి ఒప్పుకున్నారా, లోన్ ఉంటే బాకీ ఎంతో బ్యాంక్ లెటర్ ఉందా... కొనేవాళ్ళు దొరికాక ఇవి వెతుక్కుంటూ కూర్చుంటే ఆ మధ్యలో వాళ్ళు మనసు మార్చుకుంటారు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, కాపీ మీద ఎవరికోసం ఇచ్చారో రాసి ఇవ్వండి.

చూడ్డానికొచ్చేవాళ్ళ పేరు, నంబర్ ముందే తీసుకోండి, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చూపించొద్దు, నగలు, మందులు, స్పేర్ తాళాలు కనపడేచోట ఉంచొద్దు, నెట్‌లో పెట్టే ఫోటోల్లో కూడా. ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపిస్తా అనేవాళ్ళతో, ఎక్కువ పంపాను మిగతాది తిరిగి వేయండి అనేవాళ్ళతో జాగ్రత్త, డబ్బు మీకు రావడానికి మీరు ఓటీపీ చెప్పాల్సిన పని లేనే లేదు. బేరం కుదిరితే వాళ్ళకి లోన్ నిజంగా వస్తుందో లేదో అడిగి, అగ్రిమెంట్‌లో గడువు తేదీ రాయించండి, లేకపోతే నెలలు ఆగి చివర్లో లోన్ రాలేదంటారు, ఈలోపు వచ్చినవాళ్ళని మీరు వద్దని పంపేసి ఉంటారు. పూర్తి డబ్బు అకౌంట్లో పడేదాకా తాళాలు ఇవ్వకండి, కొన్ని సామాన్లు పెట్టుకుంటాం అన్నా సరే.