జలుబా, ఫ్లూనా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

సమస్య: గొంతు గరగరతో మొదలై, మర్నాటికి ముక్కు కారుతూ తుమ్ములు వస్తున్నాయి, జ్వరం లేదు, ఉన్నా ఒళ్ళు వెచ్చబడేంతే.

కారణం సాధారణ జలుబు. దీన్ని కలిగించే వైరస్‌లలో రైనోవైరస్‌లదే పెద్ద వాటా. వాటిలో 100కు పైగా రకాలున్నందువల్ల ఒక రకాన్ని తట్టుకున్న శరీరం మరొక రకానికి లొంగిపోతుంది.

పరిష్కారం: ఈ వైరస్‌లను చంపే మందు లేదు, వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. ఉప్పునీటితో పుక్కిలించడం, మిరియాల చారు తాగడం గొంతుకు హాయినిస్తాయి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు.

సమస్య: ముక్కులో చుక్కల మందు వేసుకున్న కొన్ని గంటలకే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటోంది.

కారణం చాలా సందర్భాల్లో ఆ మందే. జైలోమెటాజోలిన్ వంటి మందులు ముక్కులోని రక్తనాళాలను కుదించి దారి తెరుస్తాయి. అయితే ఐదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే ఆ నాళాలు మరింత ఉబ్బుతాయి. అప్పుడు రోగి మళ్ళీ చుక్కలే వేసుకుంటాడు, జలుబు ఎప్పుడో పోయినా సీసా మాత్రం జేబులోంచి పోదు.

పరిష్కారం: ఆ చుక్కలు ఆపి, సెలైన్ (ఉప్పునీటి) చుక్కలతో సరిపెట్టుకోవాలి, వారాల తరబడి వాడినవారు వైద్యుని సలహాతో మానడం సులువు.

సమస్య: ఉన్నట్టుండి చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు, లేచి నిలబడే ఓపిక కూడా లేదు.

కారణం ఫ్లూ, అంటే ఇన్‌ఫ్లుయెంజా, కావచ్చు. అయితే వానాకాలంలో డెంగీ కూడా ఇలాగే మొదలవుతుంది కనుక, అది కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోకుండా పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. జలుబు మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది. విడిగా మరొకటి వేసుకునే ముందు అట్ట మీద చదవడం అవసరం.

పరిష్కారం: విశ్రాంతి, తగినన్ని ద్రవాలు. ఫ్లూ వైరస్‌ను అడ్డుకునే ఒసెల్టామివిర్ అనే మందును లక్షణాలు మొదలైన 48 గంటల లోపు ప్రారంభిస్తే ఎక్కువ మేలు చేస్తుంది. అందువల్ల గర్భిణులు, వృద్ధులు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు రెండు రోజులు చూద్దామని ఆగకుండా వైద్యుని కలవాలి.

సమస్య: కఫం పచ్చగా మారింది.

రంగు మారడం మన తెల్ల రక్తకణాల పని వల్ల కూడా జరుగుతుంది. ఆ ఒక్క కారణంతో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం దండగే కాదు, తప్పు కూడా.

సమస్య: తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టింది, లేదా ఆయాసం, ఛాతీ నొప్పి, మగత కనిపిస్తున్నాయి.

న్యుమోనియా కావచ్చు, ఇంటి వైద్యం ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సమస్య: ఫ్లూ ఒకసారి వచ్చి పోయినా మళ్ళీ వస్తోంది.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తన పై పొరను తరచూ మార్చుకుంటుంది కనుక టీకానూ ఏటా వేయించుకోవాలి. రక్షణ ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది; మన ప్రాంతంలో వానలతో పాటే ఫ్లూ పెరుగుతుంది కాబట్టి వానలకు ముందే వేయించుకోవడం మేలు. అయితే ఆ టీకా జలుబును ఆపదు. తరువాత నాలుగు తుమ్ములు వచ్చాయని టీకాను తప్పుపట్టనక్కరలేదు.